కంచంలో సగం కూరే ఉండాలి!

‘కూరగాయలు తింటున్నారా?’ అని అడిగితే, ‘రోజూ తింటాం డాక్టర్‌గారూ’ అంటారు దాదాపు అందరూ. ‘రోజుకు ఎంత?’ అని అడిగితే మాత్రం ఆలోచనలో పడతారు. అన్నం ఎన్ని కప్పులో, చపాతీలు ఎన్నో చెప్పగలరు. కూర దగ్గరికి వచ్చేసరికి ‘కలుపుకోవడానికి సరిపడా’ అంటారు. మన ఇళ్లలో కూర వండేది అన్నం దిగడానికి. అందుకే కూర కొంచెం, అందులో నూనె, ఉప్పు, కారం మాత్రం దండిగా ఉంటాయి. పావు కప్పు కూరతో కంచం నిండా అన్నం తినాలంటే ఆ కూర అంత ఘాటుగా ఉండక తప్పదు మరి!

ఈ అలవాటు ఫలితాలు ప్రభుత్వాసుపత్రి ఓపీలో మాకు రోజూ కనిపిస్తాయి. దేశవ్యాప్తంగా జరిగిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం మన పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి మధుమేహం, 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నాయి. వీటికి కారణాలు చాలానే ఉన్నాయి. కానీ మన చేతిలో ఉన్న వాటిలో ముందు చెప్పుకోవాల్సింది కంచంలో కూర వాటా. ‘పథ్యం కూర’ పెడితే ఇంట్లో ఎవరూ రెండోసారి వడ్డించుకోరు. కాబట్టి కూర పెరగాలంటే అది రుచిగా ఉండాలి. నూనె, ఉప్పు తగ్గించి కూడా కూరను రుచిగా వండుకోవచ్చు. ఎలాగో చూద్దాం.

తార్నాక చెప్పిన లెక్క

హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌కు పక్కనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) ఉంది. పొద్దున్నే క్యాంపస్‌లో నడకకు వెళ్లే చాలామంది దాని గేటు ముందునుంచే వెళుతుంటారు. లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు తక్కువ. ఉస్మానియా యూనివర్సిటీ మొదలైన 1918లోనే నీలగిరి కొండల్లోని కూనూర్‌లో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకు ఒక్క గదిలో చిన్న విభాగం పెట్టారు. అదే 1928లో న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్ అయింది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో ఇప్పుడున్న పేరు పెట్టుకుంది. మనం తినే గింజలు, ఆకులు, కాయల్లో ఏ పోషకం ఎంత ఉందో కొలిచి చెప్పేది ఈ సంస్థే. 2017లో అది విడుదల చేసిన పట్టికల్లో 528 రకాల ఆహార పదార్థాల వివరాలున్నాయి.

భారతీయులు ఏం తినాలి, ఎంత తినాలి అన్నదానిపై ఈ సంస్థ 2024 మే నెలలో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కిలో క్యాలరీలు అవసరమయ్యే మనిషికి ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలంది. బియ్యం, గోధుమ, జొన్న వంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు. పప్పులు (లేదా గుడ్డు, మాంసం) 85 గ్రాములు. పాలు, పెరుగు 300 మిల్లీలీటర్లు. గింజలు, పల్లీల వంటివి 35 గ్రాములు. నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. అంటే కంచంలో దాదాపు సగం కూరలు, పండ్లే ఉండాలి.

దీన్ని మీ ఇంటి లెక్కలోకి మార్చండి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి రోజుకు 1,600 గ్రాముల కూరగాయలు కావాలి. వారానికి 11 కిలోల పైనే. మీ ఇంటికి వారానికి వచ్చే సంచి ఎంత బరువుంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. చాలా ఇళ్లలో అందులో సగం కూడా ఉండదు. ఉన్నదాంట్లోనూ రెండు కిలోలు ఆలుగడ్డలే ఉంటాయి. ఆలుగడ్డ ప్రధానంగా పిండి పదార్థం. దాన్ని అన్నం లెక్కలో వేసుకోవడమే మంచిది.

ఇక నూనె. మనిషికి రోజుకు 27 గ్రాములంటే సుమారు ఆరు టీస్పూన్లు. కూర, పప్పు పోపు, దోసె, అప్పడం, నెయ్యి అన్నీ ఇందులోకే వస్తాయి. నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు దాటకూడదు. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు అయిపోతున్నాయో చూస్తే మీరెక్కడున్నారో తెలిసిపోతుంది.

చెంచాడు నూనె చాలు

నూనె తగ్గించమంటే కొందరు అసలే మానేస్తారు. అదీ సరికాదు. ఒకప్పుడు మన దేశంలో విటమిన్ ‘ఎ’ లోపంతో ఎందరో పసిపిల్లలు చూపు కోల్పోయేవారు. ఎన్ఐఎన్ పరిశోధనల ఆధారంగానే 1970లో దేశంలో పిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ‘ఎ’ మోతాదు ఇచ్చే కార్యక్రమం మొదలైంది. మందుతో పాటు తిండి దారి కూడా వెతికారు. ఆకుకూరల్లో బీటా కెరోటిన్ ఉంటుంది. శరీరం దాన్ని విటమిన్ ‘ఎ’గా మార్చుకుంటుంది. కానీ అది కొవ్వులో కరిగే పదార్థం. కొవ్వు తోడు లేకపోతే ఒంటికి సరిగా పట్టదు.

ఎంత కొవ్వు కావాలి? ఈ సంస్థ శాస్త్రవేత్తలు పిల్లలకు పాలకూర పెట్టి పరీక్షించి, ఫలితాలను 1980లో ప్రచురించారు. ఆకుకూరకు 5 గ్రాముల కొవ్వు చేర్చినప్పుడు పిల్లల రక్తంలో విటమిన్ ‘ఎ’ బాగా పెరిగింది. 10 గ్రాములకు పెంచితే అదనంగా ఒరిగిందేమీ లేదు. 5 గ్రాములంటే ఒక టీస్పూను. మనం కూరలో పోసే గరిటెడు నూనె ఆరోగ్యానికి అక్కర్లేదని, అలాగని నూనె చుక్క లేని ఉడకబెట్టిన ఆకూ లాభం లేదని ఈ ఒక్క పరిశోధన చెబుతుంది. తెలుగింటి పోపు ఈ రెంటికీ మధ్య సరిగ్గా సరిపోతుంది.

పోషకాలు ఎక్కడ పోతున్నాయి?

వంటింట్లో మూడు చోట్ల నష్టం జరుగుతుంది.

* కడగడంలో: ముందు తరిగి తర్వాత కడిగితే విటమిన్ ‘సి’, ఫోలేట్ వంటివి నీళ్లతో పోతాయి. కాయనైనా ఆకునైనా ముందు రెండు మూడు నీళ్లలో బాగా కడిగి, తర్వాత తరగాలి. వంకాయలాంటివి నల్లబడకుండా నీళ్లలో వేయాల్సి వస్తే, వండే ముందు కాసేపు మాత్రమే ఉంచండి.
* ఉడికించడంలో: బోలెడు నీళ్లు పోసి ఉడికించి వార్చేయడం వల్ల కూర ఉంటుంది, సారం సింక్‌లోకి పోతుంది. కొద్ది నీళ్లు చల్లి మూత పెట్టి మగ్గించండి. నీళ్లు మిగిలితే పప్పులోనో చారులోనో పోయండి. రంగు పోకుండా ఉంటుందని వంటసోడా వేయొద్దు. విటమిన్ ‘సి’, బి1 రెండూ దెబ్బతింటాయి.
* వేయించడంలో: దొండకాయ, బెండకాయ, కాకరకాయ నూనెలో దేవితే కూర పేరుతో మనం తినేది నూనే. ఒకసారి మరిగిన నూనెను మళ్లీ మళ్లీ వాడటం మరింత చేటు.

రుచి తగ్గకుండా వండే అయిదు పద్ధతులు

ఇక్కడిచ్చిన కొలతలు నలుగురికి. మధ్యాహ్నం ఒకటి, రాత్రికి ఒకటి ఎంచుకోండి.

1. మగ్గబెట్టిన కూర: బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, క్యాబేజీ, టమాటాలకు ఇది సరిపోతుంది. రెండు టీస్పూన్ల నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన ఎల్లిపాయ, కరివేపాకు వేయించాలి. ముక్కలు వేసి మూత పెట్టి సన్నని మంట మీద ఉంచాలి. బీరకాయకు చుక్క నీరు అక్కర్లేదు, దాని నీళ్లతోనే ఉడుకుతుంది. ఉప్పు చివర్లో వేయండి. గిన్నె నిండా ముక్కలున్నప్పుడు ఉప్పు వేస్తే, అవి మగ్గి సగమయ్యాక కూర ఉప్పగా అవుతుంది. దించే ముందు రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి చల్లితే గ్రేవీ చిక్కబడుతుంది, కమ్మదనం వస్తుంది.

2. ఆవిరి మీద ఉడికించి పోపు: గోరుచిక్కుడు, చిక్కుడు, బీన్స్, క్యారెట్, బీట్‌రూట్‌లకు ఇది బాగుంటుంది. ఇడ్లీ పాత్రలోనే ముక్కల్ని మెత్తబడేదాకా ఆవిరి పట్టండి. అరగంట నానిన పెసరపప్పు గుప్పెడు వాటితోనే ఉడికిపోతుంది. తర్వాత రెండు టీస్పూన్ల నూనెతో పోపు పెట్టి కలపండి. పోపు ఆఖర్న పడితే ఇంగువ, కరివేపాకు వాసన కూరకు పట్టి నిలుస్తుంది. ముందే వేసి గంటసేపు ఉడికిస్తే ఆ ఘుమఘుమ ఆవిరైపోతుంది. దించాక నిమ్మరసం పిండండి. పొయ్యి మీద ఉండగా పిండితే విటమిన్ ‘సి’ కొంత పోతుంది, చేదూ వస్తుంది.

3. ఆకు ఎక్కువ, పప్పు తక్కువ: మన ఆకుకూర పప్పులో ఆకు అక్కడక్కడా పచ్చగా కనిపిస్తుందంతే. దీన్ని మార్చండి. ఒక కప్పు కందిపప్పుకు తరిగిన ఆకు కనీసం నాలుగు కప్పులు వేయండి. ఉడికితే అది గుప్పెడే అవుతుంది. చుక్కకూర, పుంటికూర (గోంగూర), చింతపండు పప్పుతో పాటు కుక్కర్లో పెడితే పులుపు వల్ల పప్పు సరిగా ఉడకదు. పప్పు మెత్తబడ్డాకే పుల్లనివి కలపాలి. ఆకుకూర అంటే పాలకూర ఒక్కటే అనుకోవద్దు. తోటకూర, మునగాకులో పాలకూరకన్నా ఐరన్ ఎక్కువ, కాల్షియం అయితే మూడు రెట్లకు పైనే. పెరట్లో మునగచెట్టున్న వాళ్లు కాయలు కోసుకుని ఆకు వదిలేయడం పెద్ద నష్టం.

4. ఇనుప మూకుడులో వేపుడు: వేపుడు లేనిదే ముద్ద దిగని ఇళ్లకు మధ్యేమార్గం ఇది. దొండకాయ, కాకరకాయలను ముందు కొద్దిగా ఆవిరి పట్టి, తర్వాత మూకుడులో మూడు టీస్పూన్ల నూనెతో నిదానంగా వేపండి. బెండకాయను మాత్రం కడిగి, పూర్తిగా తుడిచి, తర్వాత తరగండి. మూత పెట్టకుండా వేపి, ఉప్పు ఆఖర్న వేస్తే జిగురు రాదు. చివర్లో కొబ్బరి-ఎల్లిపాయ కారమో, పల్లీల పొడో ఒక చెంచా చల్లండి. ఇనుప పాత్రలో, ముఖ్యంగా పులుపు పడే వంటకాల్లో, కొంత ఐరన్ తిండిలోకి చేరుతుంది. వండాక మాత్రం వేరే గిన్నెలోకి తీసేయాలి.

5. కాల్చిన, పచ్చి పచ్చళ్లు, ముక్కల పులుసు: నూనె అతి తక్కువ పట్టేవి ఇవే. కాల్చిన వంకాయ పచ్చడి, పచ్చి దోసకాయ ముక్కల పచ్చడి, క్యారెట్ లేదా కీర పెరుగు పచ్చడికి పోపు నూనె ఒక టీస్పూను చాలు. సొరకాయ, గుమ్మడి, మునక్కాడ, బెండకాయ, ఉల్లిపాయలతో పెట్టే ముక్కల పులుసుకూ అంతే. ఒక్క గిన్నెలో అయిదు రకాల కూరగాయలు దొరికే వంటకం ఇంతకన్నా తేలికైనది లేదు. పులుపు బాగా పడిన వంటకంలో ఉప్పు కాస్త తగ్గినా నాలుకకు తెలియదు. రోజుకు మనిషికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను మించకూడదు. ఊరగాయ, అప్పడం, వడియాలున్న రోజు ఆ పరిమితి కంచం దగ్గరే దాటిపోతుంది.

400 గ్రాములు రోజులో సర్దుకునేదెలా?

ఒక్క పూటలో తినక్కర్లేదు. పొద్దున ఉప్మాలోనో అటుకుల్లోనో క్యారెట్, బీన్స్, ఉల్లిపాయ 50 గ్రాములు. మధ్యాహ్నం కూర 125, పప్పులో ఆకుకూర 75. రాత్రికి పులుసో మరో కూరో 100. పక్కన పచ్చి కీర, క్యారెట్ ముక్కలు 50. లెక్క సరిపోయింది. ఇవి వండకముందు బరువులు.

భోజనానికి కూర్చున్నాక ముందు సగం కూర ఉత్తిగానే తినండి. తర్వాత అన్నంలోకి రండి. కూరగాయలు ముందు తిని పిండి పదార్థాలు తర్వాత తిన్నప్పుడు, భోజనం తర్వాత షుగర్ పెరుగుదల తక్కువగా ఉంటుందని అధ్యయనాల్లో తేలింది. ఉత్తి కూర తినగలగాలంటే అందులో ఉప్పు, కారం తగ్గాలి. అలా కూర తగుపాళ్లలో ఉందో లేదో కూడా తెలిసిపోతుంది.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో పొద్దున తరిగే సమయం ఉండదు. ముందురోజు రాత్రి చిక్కుడు, బీన్స్ ఈనెలు తీసి, ఆకుకూర వలిచి పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. తరిగిన ముక్కలు రాత్రంతా ఉంటే విటమిన్ ‘సి’ కొంత తగ్గే మాట నిజమే. కానీ కూర వండకుండా ఊరగాయతో సరిపెట్టుకోవడం కన్నా అది ఎంతో నయం.

రూముల్లో ఉండే పిల్లలకు

ఉస్మానియాలో చదువుకుంటూ, ఉద్యోగ పరీక్షలకు తయారవుతూ తార్నాక, హబ్సిగూడ చుట్టుపక్కల గదుల్లో ఉండే పిల్లలు వేలల్లో ఉంటారు. మీ ఇంటి నుంచి అలా వెళ్లినవాళ్లకు ఒక్క వంట నేర్పి పంపండి. చిన్న కుక్కర్లో అర గ్లాసు బియ్యం, పావు గ్లాసు పెసరపప్పు, రెండు గుప్పెళ్ల ఆకుకూర, ఒక క్యారెట్, ఒక టమాటా, పసుపు, ఉప్పు, సరిపడా నీళ్లు. మూడు విజిల్స్ వచ్చాక ఒక చెంచా నూనెతో పోపు, పైన అర చెక్క నిమ్మకాయ. ఇరవై నిమిషాల పని. ఇంటి నుంచి పంపే ఊరగాయ జాడీతో పాటు కరివేపాకు పొడి, నువ్వుల పొడి డబ్బాలు కూడా పంపండి. పచ్చడి మెతుకులతో రోజులు గడిపేసే ఆ వయసులోనే రక్తహీనత, గ్యాస్ సమస్యలు మొదలవుతాయి.

ఆఖర్న తినే మనిషి మాటేంటి?

ఇంట్లో కూర వండేది ఎక్కువగా ఆడవాళ్లే. అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలింది వేసుకుని, చాలకపోతే పచ్చడితోనో మజ్జిగతోనో కానిచ్చేదీ వాళ్లే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 58.8 శాతం. మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం, జుట్టు రాలడం వంటి ఇబ్బందులతో వచ్చేవాళ్లలో చాలామందికి రక్తం తక్కువే ఉంటుంది. ‘ఇంట్లో అందరికీ చేసి పెడతానండీ, నాకే తినబుద్ధి కాదు’ అంటారు.

అందుకని ఇంటిల్లిపాదికీ ఒక మాట. కూర ఎక్కువ వండటమంటే ఆమెకు మరింత పని పెట్టడం కాదు. తరగడం, వలవడం మిగతావాళ్లు పంచుకోవాలి. వడ్డించేటప్పుడు అయిదు కంచాలకూ ఒకేసారి కూర వేసి, అందరూ కలిసి కూర్చోవాలి. ఆకుకూరలు, పప్పుల్లోని ఐరన్ శరీరానికి అంత సులువుగా పట్టదు. నిమ్మ, ఉసిరి, టమాటా, జామపండు వంటి విటమిన్ ‘సి’ తోడైతే బాగా పడుతుంది. ఉల్లి, ఎల్లిపాయలు కూడా ధాన్యాలు, పప్పుల్లోని ఐరన్ శరీరానికి మెరుగ్గా అందేలా తోడ్పడతాయని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. భోజనానికి ముందూ తర్వాతా గంటసేపు టీ, కాఫీ వద్దు. రక్తహీనత ఇప్పటికే ఉంటే కూరలతోనే సరిపెట్టుకోకుండా డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు వాడాల్సిందే.

వీళ్లు డాక్టర్‌ను అడిగాకే

* కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు: ఆకుకూరలు, టమాటా, కొబ్బరి వంటి వాటిలో పొటాషియం ఎక్కువ. రక్తపరీక్షను బట్టి ఏది ఎంత తినాలో డాక్టరే చెప్పాలి. నీళ్లు వార్చొద్దన్న సలహా కూడా వీళ్లలో కొందరికి వర్తించదు.
* వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడేవాళ్లు: ఆకుకూరల్లోని విటమిన్ ‘కె’ ఆ మందు పనిని తగ్గిస్తుంది. మానేయక్కర్లేదు గానీ రోజూ ఒకే మోతాదులో తినాలి. ఒక్కసారిగా పెంచడం, తగ్గించడం ప్రమాదం.
* ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు: పాలకూర, తోటకూర తక్కువగా తినాలి. తిన్నప్పుడు పెరుగుతో కలిపి తినడం, నీళ్లు బాగా తాగడం మంచిది.
* ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు: అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే కాస్త చక్కెర నోట్లో వేసుకోవాలి. అన్నం తగ్గించే ముందే మందు మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడాలి.

ఈ వారం ఇలా మొదలుపెట్టండి

అన్నీ ఒకేసారి మార్చాలనుకుంటే మూడో రోజుకే పాత పద్ధతికి వస్తారు. మొదటివారం మూడు పనులే చేయండి. నూనె సీసాలోంచి నేరుగా పోయడం మానేసి, టీస్పూన్‌తో కొలిచి వేయండి. వారానికి తెచ్చే కూరగాయలకు మరో మూడు కిలోలు కలపండి, వాటిలో రెండు మూడు రకాల ఆకుకూరలుండేలా చూడండి. ఇంటిల్లిపాదికీ అన్నం కన్నా ముందు కూర వడ్డించండి. నాలుకకు కొత్త ఉప్పు, కొత్త నూనె అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా ‘చప్పగా ఉంది’ అనే మాట రెండు మూడుసార్లు వినాల్సి వస్తుంది. ఒక నిమ్మచెక్క, ఒక చెంచా నువ్వుల పొడి దగ్గర పెట్టుకుంటే ఆ మాటకు సమాధానం దొరుకుతుంది.

(వ్యాసకర్త ప్రభుత్వాసుపత్రిలో జనరల్ ఫిజీషియన్, ఎంబీబీఎస్, ఎండీ)